నోటి మాట ఒక అమానతు

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఈ శుక్రవారం మసీదులకు చేరిన మనమందరం ముందుగా ఒక విషయం గుర్తు చేసుకుందాం. ఖుత్బా జరుగుతుండగా పక్కవానితో 'ఊరుకో' అనడం కూడా వ్యర్థమైన పనేనని ప్రవక్త మహనీయులు హెచ్చరించారు. మంచి ఉద్దేశంతో అన్న మాటకైనా సమయం, సందర్భం ఉండాలని ఈ హెచ్చరిక మనకు నేర్పుతున్నది.

మనిషి పలికే ప్రతి మాటనూ నమోదు చేసే పర్యవేక్షకుడు సిద్ధంగా ఉన్నాడని సూరె ఖాఫ్ 18వ ఆయతు తెలుపుతున్నది. దైవభీతి కలిగి ఉండమనీ, సూటియైన మాట పలకమనీ సూరె అహ్‌జాబ్ 70వ ఆయతు ఆదేశిస్తున్నది. అలా పలికితే మన కర్మలు చక్కబడతాయనీ, పాపాలు మన్నించబడతాయనీ తరువాతి ఆయతు వాగ్దానం చేస్తున్నది. అంటే కర్మల సంస్కరణ నాలుక దగ్గరే మొదలవుతున్నదన్న మాట.

1919లో కవి రవీంద్రనాథ్ టాగోర్ మన మదనపల్లెలో ఉండగానే జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. తాను రాసిన గీతమే అయినా, మరో భాషలో చెప్పాలంటే ప్రతి పదాన్నీ తూచి ఎంచుకోవలసిందే. ఒక గీతానికే ఇంత శ్రద్ధ అవసరమైతే, రేపు అల్లాహ్ సన్నిధిలో ప్రతి మాటకూ జవాబు చెప్పవలసిన మనకు ఎంత శ్రద్ధ ఉండాలి?

సోదరులారా! తూచవలసిన మొదటి విషయం: ఇది నిజమేనా? విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)పై కపటులు నింద పుట్టించినప్పుడు అది ఒక నోటి నుండి మరో నోటికి పాకింది. కొందరు విశ్వాసులు సైతం దానిని తేలికగా తీసుకుని వల్లించారు. దాదాపు నెల రోజులు ఆ పుణ్యవతి కుమిలిపోయారు. చివరకు సూరె నూర్ ఆయతులు ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటించాయి. మీరు తేలికగా భావించినది అల్లాహ్ దగ్గర ఎంతో ఘోరమైనదని విశ్వాసులను మందలించాయి. ఆ రోజుల్లోనే ప్రవక్త మహనీయులు తమ మరొక సతీమణి హజ్రత్ జైనబ్ (రజియల్లాహు అన్హా)ను విచారించారు. సవతి గురించి చెడు చెప్పే అవకాశం ఆమె చేతికి వచ్చింది. అయినా తన చెవులనూ కళ్లనూ కాపాడుకుంటాననీ, ఆయిషాలో మంచి తప్ప మరేమీ ఎరుగననీ ఆమె పలికారు.

ఆ గుణం మనలో ఉన్నదా? 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్‌లో దక్షిణాది రాష్ట్రాలంతటా పాకింది. ఆ మే నెలలో మన పొరుగు తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన ఒక వృద్ధురాలిని జనం అనుమానించి కొట్టి చంపారు. ఆ సందేశాలను పంపినవారిలో చాలామంది ఎవరిపైనా చేయి చేసుకోలేదు. వేలితో ఒక్కసారి నొక్కారు, అంతే. వార్త వచ్చినప్పుడు విచారించండి, లేకపోతే తెలియక కొందరికి హాని చేసి పశ్చాత్తాపపడతారని సూరె హుజురాత్ 6వ ఆయతు చేసిన హెచ్చరిక మన చేతిలోని ఫోనుకూ వర్తిస్తుంది.

రెండవ విషయం: ఎలా పలుకుతున్నాము? నియంత ఫిరౌన్ వద్దకు పంపుతూ కూడా మూసా, హారూన్ (అలైహిముస్సలాం)లను మృదువుగా మాట్లాడమని అల్లాహ్ ఆదేశించాడు. మనమేమో మదనపల్లె టమాటా మార్కెట్‌లో మండీ యజమానిని 'మీరు' అంటాము, బరువు మోసే ముసలి హమాలీని 'ఒరేయ్' అంటాము. కుప్పంలో తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం నాలుగూ వినిపిస్తాయి. నాలుగింటిలోనూ గౌరవించే మాట ఉన్నది. లోపం భాషలో లేదు, మన మనసులో ఉన్నది. బజారులో మృదువుగా మాట్లాడి, ఇంటికి వచ్చి భార్యను, కోడలిని పుట్టింటి పేరు ఎత్తి దెప్పేవారు కూడా మనలో లేకపోలేదు.

అయితే మౌనమే ఎల్లప్పుడూ ధర్మం కాదు. మన ఎదుట ఒక సోదరుని పరువు తీస్తుంటే, సాక్ష్యం చెప్పవలసిన చోట సత్యం మరుగున పడుతుంటే, అప్పుడు పలకడమే విధి.

నమాజులు, ఉపవాసాలు, జకాతు వెంట తెచ్చుకుని కూడా ప్రళయదినాన దివాలా తీసే వ్యక్తి గురించి ప్రవక్త మహనీయులు తెలిపారు. అతను ఒకరిని తిట్టాడు, మరొకరిపై నింద మోపాడు, ఇంకొకరి సొమ్ము తిన్నాడు. అతని పుణ్యాలు వారికి పంచబడతాయి. అవి అయిపోతే వారి పాపాలు అతని మీద వేయబడతాయి.

కనుక రానున్న జుమాకు ముందే, మన మాటతో గాయపడిన ఒక్కరి గడప తొక్కి క్షమాపణ కోరుదాం. అబద్ధపు సందేశాన్ని ఏ గ్రూపులో పంపామో, అదే గ్రూపులో తప్పు ఒప్పుకుని సరిదిద్దుదాం. అక్కడ పుణ్యాలతో తీర్చే అప్పును ఇక్కడ రెండు మాటలతో తీర్చుకోవడం ఎంతో సులభం.

ఓ అల్లాహ్! మా నాలుకలను అబద్ధం నుండి, చాడీల నుండి కాపాడు. మాకు సత్యమైన, మృదువైన మాట పలికే భాగ్యం ప్రసాదించు. ఆమీన్.