గుడ్డా, డైపరా? చాకిరీని కూడా లెక్కలో రాయండి
(సత్తువాచారి కార్మికుల సభలో చేసిన ప్రసంగం)



బిడ్డకు డైపర్ మేలా, గుడ్డ మేలా అని మన ఇళ్ళల్లో వాదన. లెక్క చూద్దాం. డైపర్ ఒక్కటి పది రూపాయలనుకుంటే రోజుకు 5 చొప్పున నెలకు 1,500, ఏడాదికి 18,000 రూపాయలు. అదే గుడియాత్తం లుంగీలు ఆరు పాతబడితే రెండు డజన్ల పొత్తిగుడ్డలు. కొనే పనే లేదు.

అయితే ఉతికేదెవరు? షిఫ్టు దిగి వచ్చిన ఆడకూతురే. సబ్బు, నీళ్ళు, గంటసేపు చాకిరీ లెక్కలో రాయకుండా గుడ్డ చవకంటే, ఆమె కూలి ఎగ్గొట్టినట్టే. పాలారు ఎండిన వేసవిలో బిందెడు నీళ్ళకూ విలువుంది. అటు డైపర్‌లోని ప్లాస్టిక్ మట్టిలో కలవదు. ఆ చెత్త ఎత్తేదీ మనలాంటి కార్మికులే.

1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ పసిపిల్లల గది గురించి చెబుతూ, పిల్లల బట్టలు ఉతికి మార్చే వసతికీ చోటిచ్చింది. ఇది తల్లి ఒక్కతే మోసే బరువు కాదని చట్టమే ఒప్పుకుంది.

కనుక ఇంట్లో గుడ్డే వాడదాం, ఉతకడానికి మగవాళ్ళమూ కూర్చుందాం. ప్రయాణానికో డైపర్ వాడితే తప్పులేదు. మిల్లులో పిల్లల గదీ, అందులో నీళ్ళ కుళాయీ కావాలని అందరం కలిసి అడుగుదాం!