గాలికి పోయే యూరియా

అయోవాలో ఉంటాను, కంప్యూటర్ కన్సల్టెంటుని. వ్యవసాయం గురించి మాట్లాడటానికి నాకున్న అర్హతల్లా తెనాలి దగ్గర మా రెండెకరాల మాగాణి. నాన్నగారికి ఓపిక తగ్గాక దాన్ని కౌలుకిచ్చాం. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఇదే కథ అయ్యుంటుంది.

నా చిన్నప్పుడు వరికి యూరియా వేసే ముందు నాన్నగారు మా అన్నదమ్ముల చేత వేపపిండి కలిపించేవారు. 50 కిలోల యూరియాకి 10 కిలోల పిండి. కలిపి రెండు రోజులు ఉంచేవాళ్ళం. ఆ చేదు వాసన చేతులకి పట్టుకుంటే అన్నం సయించేది కాదు. "ఎందుకు నాన్నా ఈ చాకిరీ?" అంటే "లేకపోతే గాలికి పోతుందిరా" అనేవారు. గింజల్లాంటి యూరియా గాలికెలా పోతుందని నవ్వుకునేవాణ్ణి.

నిజంగానే పోతుంది, అదీ రెండు దారుల్లో. యూరియాలో 46 శాతం నత్రజని. మట్టిలోనూ నీటిలోనూ ఉండే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. నిలవనీటిలో చల్లితే ఆ అమ్మోనియాలో కొంత ఆవిరై లేచిపోతుంది. ఇది మొదటి దారి. మిగిలినదాంట్లో కొంత బాక్టీరియా వల్ల నైట్రేటు అవుతుంది. గాలి ఆడని బురదలో వేరే రకం బాక్టీరియా ఆ నైట్రేటుని మళ్ళీ వాయువుగా మార్చి వదిలేస్తుంది. ఎక్కువ భాగం మామూలు నత్రజని వాయువే గానీ, కొంత నైట్రస్ ఆక్సైడ్ కూడా. నూరేళ్ళ లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 273 రెట్లు వేడి పెంచుతుంది.

వేప ఈ రెండో దారికి అడ్డం పడుతుంది. నైట్రేటు తయారుచేసే బాక్టీరియాని నెమ్మదిపరుస్తుంది. పైరుకి తాపీగా తినే వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ మా చుట్టూ ఉన్న మొక్కజొన్న రైతులు ఇదే పనికి నైట్రాపైరిన్ అనే మందు వాడతారు. మన దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ 2015లో వేపనూనె పూత తప్పనిసరి చేశారు.

పూత ఉందిగా, ఇంకేం దిగులు అనుకున్నాను. కానీ మొదటి దారి తెరిచే ఉంది. దాన్ని మూయాలంటే నీళ్ళు తీసేసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత నీరు పెట్టాలి.

కిందటి ఆగస్టులో వెళ్ళినప్పుడు మా కౌలుదారు నిండు నీళ్ళలోనే చల్లుతున్నాడు. అదేమిటంటే, "నీళ్ళు తీసేస్తే మళ్ళీ కాలవ వంతు ఎప్పుడొస్తుందో బాబూ. పోయేది పోనీ అని ఇంకో కట్ట వేస్తున్నా" అన్నాడు.

అతనికి తెలియక కాదు. పైరు ఎండితే నష్టం అతనిది, కౌలు మాత్రం మాకు కట్టాల్సిందే. ఆ రాత్రి నాన్నగారితో అన్నాను, నీళ్ళు తీసినందువల్ల పంట దెబ్బతింటే ఆ మేరకు కౌలు తగ్గిద్దామని. ఆయన కాసేపు ఊరుకుని, "ఈ మాట నేనే ముందు అనాల్సింది" అన్నారు. కౌలుదారు ఒక మడిలో చేసి చూస్తానన్నాడు.

ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు కౌలు ఎంతొచ్చిందనే కాదు, యూరియా ఎలా చల్లుతున్నారో కూడా అడగండి. సెలవు.