గోడ ఆరకముందే సిమెంటు పూసినం

(మండల సమాఖ్య మహాసభలో మా గ్రామ సంఘం కమిటీ తరఫున చదివిన ప్రసంగం)



పొదుపు, లింకేజి, రికవరీ లెక్కలు నివేదిక ముందు పేజీల్లోనే ఉన్నయి. మేము ఇండ్ల మరమ్మతు అప్పుల గురించే మాట్లాడుతం. ఎందుకంటే అందులో తప్పు చేసింది మేమే.

2020 అక్టోబరు 13, 14 తారీకుల వాన మీకందరికీ యాదికుండే ఉంటది. కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం తెలంగాణను ముంచింది. టీవీలన్నీ హైదరాబాదు కాలనీలనే చూపించినయి గాని, మా ఊళ్ళో కూడా రాత్రికి రాత్రి నీళ్ళు కడపలు దాటి ఇండ్లల్లకొచ్చినయి. తెల్లారేసరికి నీళ్ళు పోయి బురద మిగిలింది. అక్టోబరు 25న దసరా. పండుగ నాటికి ఇల్లు ఇల్లులెక్క కనబడాలని ఆరుగురు అక్కలు మరమ్మతుకు అప్పు అడిగిన్రు. మూడో నాడే తీర్మానం రాసి పైసలిచ్చినం. ఇంత తొందరగా ఇచ్చినమని సంబురపడ్డం కూడా. మేస్త్రీ తడి గోడల మీద సిమెంటు పూసి, రంగు ఏసిండు. పండుగకు ఇండ్లు అద్దంలెక్క మెరిసినయి.

ఏడో అక్కకు మాత్రం ఇయ్యలేదు. ఆమెవి రెండు కిస్తీలు ఆగినయని, మీటింగులో అందరి ముందే కాదన్నం. ఆమె ఏమనలేదు, లేచి పోయింది.

ఉగాది నాటికి ఆ ఆరు ఇండ్లల్ల గోడలకు మోకాలెత్తున తెల్లగా ఉప్పు పేలింది. రంగు బొబ్బలొచ్చినట్టు ఉబ్బింది. బీరువా ఎనుక నల్లగా బూజు పట్టింది. ఆ ఇంటి పిల్లగానికి దగ్గు తగ్గకుంటే మందులకు ఇంకో అప్పు. వానకాలం రాంగనే సిమెంటు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది, దానితోపాటు లోపలి మట్టి కూడా వచ్చింది. ఒక ఇంటి గోడైతే నడిరాత్రి కూలింది. బయటికి పడ్డది కాబట్టి లోపల పండుకున్న అత్తమ్మ బతికింది. కిస్తీలు మాత్రం నెలనెలా కడుతనే ఉన్నరు.

మా ఇండ్లు చాలామటుకు పాతవి. రాయి, మట్టి కలిపి కట్టిన మూరెడు మందం గోడలు, కింద తాండూరు బండలు. దీపం వత్తి నూనె గుంజినట్టు ఈ గోడ కింది నీళ్ళను పైకి గుంజుతది. మట్టి, సున్నం పూత ఉంటే ఆ తడి మెల్లగా గాలికి పోతది. సిమెంటు పూస్తే బయటికి తొవ్వ ఉండదు, లోపలే ఇంకా పైకి ఎక్కుతది. తడితో పాటు వచ్చిన ఉప్పు పూత ఎనుక గడ్డకట్టి, పూతను నెట్టేస్తది. బండల కింది మట్టి కూడా అంతే, పైన తుడిస్తే పొడిగానే కనబడతది గాని కింద తడి నెలల తరబడి ఉంటది. సున్నమైనా సిమెంటైనా వచ్చేది సున్నపురాయి నుంచే, అది మన తాండూరు నేలలోనే ఉంది. ఏది ఏ గోడకు పనికొస్తదో మేము అడుగలేదు, మేస్త్రీ చెప్పలేదు.

ఏడో అక్క ఏం చేసిందో చూడుండ్రి. పైసలు లేవు కాబట్టి ఆగింది. నీళ్ళు ఎక్కిన గీత మీదికి ఇంకో మూరెడు దాకా ఉబ్బిన పూత గీకేసింది. బీరువా, మంచం గోడకు దూరం జరిపింది. ఎండ పొద్దున తలుపులు, కిటికీలు తెరిచిపెట్టింది, ముసురు పట్టినప్పుడు మూసింది. చలికాలమంతా అట్లనే ఉంచింది. చూసినోళ్ళు నవ్విన్రు, మాలో కొందరు కూడా నవ్విన్రు. ఎండలు ముదిరినంక మట్టి మెత్తి సున్నం ఏసుకుంది. ఆ గోడ ఇయ్యాల్టికీ నిలబడే ఉంది.

గోడ ఆరిందో లేదో తెలుసుకునేందుకు మిషన్ అక్కర్లేదు. యూరియా సంచి లోపలి కవర్‌ను చెయ్యంత ముక్క కోసి, బాగా కడిగి ఆరబెట్టి, నాలుగు దిక్కులా టేపుతో గోడకు అంటించాలె. ఒక పగలు, ఒక రాత్రి ఉంచి చూస్తే, లోపల చెమట పట్టినట్టు చుక్కలుంటే ఇంకా ఆరలేదు. తొందరపడి తలుపులు మూసి లోపల బొగ్గుల కుంపటి మాత్రం పెట్టొద్దు, ఆ గాలి పాణం తీస్తది. కరెంటు మెయిన్ బందు చేయకుండా తడి ఇంట్ల కాలు పెట్టొద్దు. బండలు కడిగేటప్పుడు బ్లీచింగు పొడి, యాసిడ్ కలపొద్దు, విషపు గాలి వస్తది.

కడిగే ముందే ఫోటోలు తీసి పెట్టుకోండ్రి. నీళ్ళ గీత, పగుళ్ళు, ఇంటి నంబరు కనబడాలె. 2022లో వచ్చిన విపత్తు సహాయ నిధి నిబంధనల్లో, కనీసం 15 శాతం దెబ్బతిన్న ఇంటికి పక్కాదైతే 6,500 రూపాయలు, కచ్చాదైతే 4,000 అని ఉండె. పెద్ద పైసలేం కాదు. కాని కడిగి రంగేసినంక పంచనామాకు వచ్చినోళ్ళకు మనం చూపించేందుకు ఏముంటది?

మా సంఘం పుస్తకాలు కూడా ఆ రాత్రి తడిసినయి. బాల్ పెన్నుతో రాసిన లెక్కలు నిలిచినయి, జెల్ పెన్నువి నీలం మరకలైనయి. పేజీల మధ్య పేపరు పెట్టి నీడకు ఆరబెట్టినం. ఇప్పుడు మా దగ్గర జెల్ పెన్ను బందు, పుస్తకాలు అటుక మీద డబ్బాలో.

అసలు నీళ్ళు ఎందుకొచ్చినయంటే, పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదనే కొత్తది పోసిన్రు. రోడ్డు పైకి లేచింది, మా కడపలు కిందికైనయి, మోరి మధ్యలోనే ఆగింది. గ్రామసభలో రెండుసార్లు రాసిచ్చినం. మోరి పని ఇంకా కాలేదు.

ఇకమీద మా దగ్గర మరమ్మతు అప్పు రెండు విడతలు. మొదటిది చిన్నది, పైకప్పు కారేది ఆపేందుకు, వాకిట్లో నీళ్ళు మళ్ళించేందుకు. రెండోది కవర్ పరీక్ష అయినంక. ఇద్దరు సభ్యులు పోయి చేయి పెట్టి చూసి సంతకం పెట్టాలె. కిస్తీ ఆగినోళ్ళకు కూడా మొదటి విడత ఇయ్యాలని రాసుకున్నం.

ఆ ఆరుగురిలో నలుగురు అప్పు తీర్చిన్రు. ఇద్దరి దగ్గర బాకీ ఉంది, అందులో గోడ కూలిన ఇంటి అక్క ఒకామె. అసలు కడుతమంటున్నరు. వడ్డీ మాఫీ చేయాలని మేము అడుగుతున్నం, తొందరపెట్టి ఇచ్చింది మేమే కాబట్టి. పొదుపు మీ అందరిది గనుక మీ చేతులెత్తకుండా మేము రాయం. తీర్మానం పుస్తకం తెరిచే ఉంది.