పేరు తెలియని ద్రాక్ష తీగ మీ పొలంలో ఉందా? పేపర్‌లో వచ్చిన ఒక ప్రకటన కథ

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక పేపర్ ప్రకటనతో మొదలుపెడదాం. 1980ల్లో స్పెయిన్‌లోని కాటలోనియాలో, అంటే బార్సిలోనా ఉన్న ప్రాంతంలో, లోకల్ పేపర్లలో ఒక ప్రకటన వచ్చింది. దాని సారాంశం ఇంతే: మీ పొలంలో పేరు తెలియని పాత ద్రాక్ష తీగ ఏదైనా ఉంటే మాకు కబురు చేయండి.

ఇచ్చింది తోరెస్ కుటుంబం. 1870 నుంచి విలాఫ్రాంకా దెల్ పెనెదెస్ అనే ఊళ్ళో వైన్ చేస్తున్నవాళ్ళు. ఇప్పుడు నడుపుతున్నది ఐదో తరం. ముందే చెప్పేస్తున్నా, ఇది వైన్ తాగమని చెప్పే వీడియో కాదు. నన్ను పట్టుకున్నది ఇందులో ఉన్న వ్యవసాయం.

మనకి ద్రాక్ష తోట అంటే పందిరి గుర్తొస్తుంది కదా. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి తోటలన్నీ పందిళ్ళే. అక్కడ పందిరి వేయరు. నడుం ఎత్తులో వరసలు వరసలుగా మొక్కలు. చాలా తోటలు వాన మీదే ఆధారం.

అసలు ఆ తీగలకి పేర్లు ఎందుకు పోయాయి? దానికి కారణం ఒక పురుగు. పేరు ఫిలోక్సెరా. అమెరికా నుంచి మొక్కలతో పాటు యూరప్ వచ్చి, ద్రాక్ష వేర్లని తినేసింది. 19వ శతాబ్దం చివరికి కాటలోనియా తోటల్ని కూడా తుడిచిపెట్టేసింది. మందు దొరకలేదు. దొరికిన ఉపాయం ఒక్కటే, అంటు కట్టడం. మనం మామిడికి కడతాం చూడండి, అలాగే. అమెరికా ద్రాక్ష వేర్లకి ఆ పురుగుని తట్టుకునే శక్తి ఉంది, కాబట్టి కింద అమెరికా వేరు, పైన యూరప్ కొమ్మ. ఇవాళ్టికీ ప్రపంచంలో ఎక్కువ తోటలు ఇలాగే నడుస్తున్నాయి.

కానీ మొత్తం తోట మళ్ళీ నాటాలంటే రైతు ఏం చేస్తాడు? బాగా కాసేది, బాగా అమ్ముడుపోయేది మాత్రమే నాటుకుంటాడు. నేనైనా అంతే చేస్తా. మిగతా రకాలు అలా రాలిపోయాయి. ఎక్కడో గట్టు మీద ఒకటి, పాడుబడిన తోటలో ఒకటి మిగిలాయి. వాటి పేర్లు తెలిసిన ముసలివాళ్ళు కూడా పోయారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన మెలిక ఒకటుంది. ఆ ప్రకటన వెనక ఉన్న మనిషి నాలుగో తరం మిగెల్ తోరెస్. ఆయన అంతకుముందు చేసిన పని సరిగ్గా దీనికి రివర్స్! 1966లో పెనెదెస్‌లో ఫ్రెంచ్ రకం కాబెర్నే సోవిన్యోన్ నాటించారు. 1979లో పారిస్‌లో గో-మియో పత్రిక పెట్టిన పోటీలో, వాళ్ళ 1970 నాటి వైన్ తన విభాగంలో షాటో లాటూర్‌ని దాటి ఫస్ట్ వచ్చింది. బయటి రకంతో అంత పేరు వచ్చిన మనిషి, తర్వాత పేపర్లో ప్రకటన ఇచ్చి సొంత ఊరి తీగల కోసం వెతికాడు. అంటే ఇది తాతల నుంచి పొల్లుపోకుండా వచ్చిన సంప్రదాయం కాదు. మధ్యలో తెగిపోతే, ముడి వేసుకోవడానికి మళ్ళీ వెనక్కి వెళ్ళారు. నాకైతే ఇదే ఎక్కువ నిజాయితీగా అనిపించింది.

రైతులు కబురు పంపారు. మొదట దొరికిన వాటిలో గర్రో ఒకటి. ఇప్పటికి 50కి పైగా రకాలు దొరికాయి. దొరికితే వెంటనే నాటేయొచ్చు అనుకోకండి. ముందు ఆకు ఆకారం చూడాలి, డీఎన్ఏ పరీక్ష చేసి ఇది తెలిసిన రకమేమో తేల్చాలి. పాత తీగలకి వైరస్ ఉంటుంది, ల్యాబ్‌లో చిగురు కొసన ఉండే చిన్న ముక్క నుంచి శుభ్రమైన మొక్క పెంచాలి. తర్వాత నాటి, కాపు కోసం ఏళ్ళు ఆగి, కొద్దిగా వైన్ చేసి రుచి చూడాలి. బాగుంటే ప్రభుత్వ అనుమతి. ఒక్కో రకానికి పదేళ్ళు దాటిపోతుంది. మనం యాప్ అప్‌డేట్‌కి రెండు నిమిషాలు ఆగలేం! చాలా రకాలు రుచి దగ్గరే ఆగిపోయాయి కూడా. పాతది కదా అని ప్రతిదీ గొప్పది కాదు.

సరే, ఇంత కష్టం దేనికి? వెతకడం మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం వారసత్వం కాపాడుకోవడమే. అసలు ఉపయోగం తర్వాత బయటపడింది. నలభై ఏళ్ళలో అక్కడ వేడి ఒక డిగ్రీకి పైనే పెరిగింది. కోత దాదాపు పది రోజులు ముందుకు జరిగింది. ఇందులో చిక్కు ఏంటంటే, ఎండ ఎక్కువైతే పండులో చక్కెర గబగబా పెరుగుతుంది, పులుపు పడిపోతుంది, కానీ తొక్క, గింజ ఇంకా వగరుగానే ఉంటాయి. ఇప్పుడు కోస్తే వగరు. ఆగితే చక్కెర మితిమీరి, వైన్‌లో ఆల్కహాల్ ఎక్కువైపోతుంది.

దొరికిన రకాల్లో కొన్ని ఆలస్యంగా పండుతాయి. ఫోర్కాడా అనే తెల్ల ద్రాక్ష అలాంటిదే, పులుపు కూడా నిలుపుకుంటుంది. మొనెవూ అనే నల్ల రకం వేడినీ, నీటి ఎద్దడినీ తట్టుకుంటుంది. చల్లగా ఉన్న రోజుల్లో ఆలస్యంగా పండటం రైతుకి నష్టం. ఇప్పుడు అదే కావాలి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఎవరూ వాడట్లేదని పాత కోడ్ తీసేసి, ఆరు నెలలకి అదే వెతుక్కున్న రోజులున్నాయి నాకు. అక్కడ బ్యాకప్ ఉంటుంది. ద్రాక్షకి బ్యాకప్ అంటే, ఎవరో బద్ధకించి పీకకుండా వదిలేసిన తీగే.

మిగతావి త్వరగా చెప్తా. కొన్ని తోటల్లో వరసల మధ్య గడ్డి పెరగనిస్తున్నారు, దున్నడం తగ్గించి గొర్రెల్ని మేపుతున్నారు, నేలలో తేమ, కర్బనం నిలవాలని. పిరనీస్ కొండల్లో ట్రెంప్ దగ్గర 950 మీటర్ల ఎత్తున తోట వేశారు. ద్రాక్ష రసం పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి మళ్ళీ వాడుకునే ప్రయత్నం కూడా ఉంది. 2019లో అమెరికాలోని జాక్సన్ ఫ్యామిలీతో కలిసి, వైన్ కంపెనీల కర్బన ఉద్గారాలు తగ్గించడానికి ఒక అంతర్జాతీయ కూటమి మొదలుపెట్టారు.

మీకు డౌట్ రావచ్చు, ఇదంతా పబ్లిసిటీ కాదా అని. నాకూ వచ్చింది. పెద్ద కంపెనీ, ప్రపంచమంతా బాటిళ్ళు పంపుతుంది. గాజు సీసా తయారీ, రవాణా, ఈ రెండింటికీ గొర్రెలు మేపితే సమాధానం దొరకదు. సీసా బరువు తగ్గించడం లాంటి బోరింగ్ పనులతోనే అక్కడ తేడా వస్తుంది, అవీ చేస్తున్నారు. కానీ పేరు లేని తీగ మీద పదేళ్ళు ఖర్చు పెట్టడం పబ్లిసిటీకి చేసే పని కాదనిపించింది. అది కాస్తుందో లేదో కూడా తెలియదు కదా.

2024 ఫిబ్రవరిలో కరువు వల్ల బార్సిలోనా ప్రాంతంలో ఎమర్జెన్సీ ప్రకటించారు. వరసగా మూడేళ్ళు సరిగ్గా వానల్లేవు. ఇలాంటి కరువులో ఈ తీగలు ఎంతవరకు నిలబడతాయో తేలేది తోటల్లోనే, ల్యాబ్‌లో కాదు.

మీ తాతయ్య వాళ్ళ పొలంలో, పెరట్లో, పేరు ఎవరికీ తెలియని మామిడి చెట్టో, చిక్కుడు పాదో ఉంటే ఒక ఫోటో తీసి కింద పెట్టండి. ఎప్పుడు కాస్తుందో, రుచి ఎలా ఉంటుందో అమ్మమ్మనడిగి రెండు ముక్కలు రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో వాటిలో కొన్ని చూద్దాం. ఉంటా మరి.