‘పాడుతా తీయగా’ – సరిహద్దు తెలుగు పిల్లలు

ఒక టెలివిజన్ పాటల పోటీ గురించి మీతో నాలుగు మాటలు ముచ్చటిద్దామని వచ్చాను. బడిపంతులుకు పాటల పోటీతో ఏం పని అని మీలో కొందరు అనుకోవచ్చు. నా మట్టుకు నాకు, బి.ఇడి. తరగతిలో నేర్చుకున్న దానికంటే పిల్లల తప్పు ఎలా దిద్దాలో ఆ పోటీ చూసి నేర్చుకున్నదే ఎక్కువ.

ఈటీవీ ప్రసారాలు 1995 ఆగస్టు 27న మొదలయ్యాయి. ఆ మరుసటి సంవత్సరం, 1996లో, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో ‘పాడుతా తీయగా’ ప్రారంభమైంది. ఆ పేరు 1964లో వచ్చిన ‘మూగ మనసులు’ చిత్రంలోని పాటది. ఆత్రేయ రాయగా కె.వి. మహదేవన్ స్వరపరచారు, ఘంటసాల పాడారు. ఒక పోటీకి పోటీ అన్న మాట లేని పేరు పెట్టడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

మా కోలారు జిల్లా సంగతి తెలియనివారి కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యేవరకు బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు తాలూకాలు కూడా మాలోనివే. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.కు వెళితే వీధిలో తమిళం. సంతలో ఉర్దూ కూడా రావాలి. ఒకే పిల్లవాడు పొద్దున లేచింది మొదలు పడుకునేలోపు మూడు నాలుగు భాషలు మాట్లాడతాడు. చదివేదీ రాసేదీ మాత్రం కన్నడమే. ఇందులో బాధపడవలసింది లేదు. కన్నడం మాకు అన్నం పెట్టిన భాష, నేను పాఠం చెప్పే భాష. కాని ఇంటి భాష చెవికీ నోటికీ మాత్రమే పరిమితమై, కంటికి అందకుండా పోయింది.

పాట మాకు కొత్త కాదు. కైవారం తాతయ్యగారు, అంటే యోగి నారేయణ, తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పారు. ఆ తెలుగు తత్త్వాలను కన్నడ లిపిలో చూసుకుని పాడే భజన మేళాలు మా వైపు ఉన్నాయి. సినిమా పాటలకు రేడియో ఉండేది. గాలి అనుకూలిస్తే కడప కేంద్రం, లేకపోతే సిలోను. పాట వినేవాళ్ళం, నేర్చుకునేవాళ్ళం. తప్పు పాడితే తప్పని చెప్పేవాళ్ళు మాత్రం లేరు.

1996లో నేను హైస్కూలు విద్యార్థిని. మా పల్లెలో కేబుల్ కనెక్షన్ ఉన్నది ఒక్క ఇంటికి. వారానికొకసారి ఆ ఇంటి వసారాలో చాపలు పరిచేవారు. ముందు వరసలో మేము, వెనక గోడకు ఆనుకుని అవ్వలు, గడప దగ్గర నిలబడి పొలం నుంచి వచ్చిన మగవాళ్ళు. ఆ రోజుల్లో ఆ వేదిక మీద పాడిన పిల్లలే తర్వాత సినిమాల్లో మనకు వినిపించిన ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ. పాప్ పాటలతో పేరు తెచ్చుకున్న స్మిత కూడా అక్కడ పాడిన అమ్మాయే. మాకు అప్పుడు వాళ్ళెవరో తెలియదు. మా వయసు పిల్లలు, చేతులు వణుకుతూ మైకు ముందు నిలబడ్డారు, అంతే.

మేము ఎదురు చూసింది పాట అయిపోయిన తర్వాత వచ్చే రెండు మూడు నిమిషాల కోసం. బాలుగారు మొదట పాటలో బాగున్నదేమిటో చెప్పేవారు. ఊరికే ‘బాగుంది’ అని ఊరుకోకుండా, ఏ చోట బాగుందో చెప్పేవారు. తర్వాత ఆ పాట పుట్టుక: రాసినవారు, స్వరపరచినవారు, ఏ వాద్యం ఎందుకు వాడారో. ఆ తర్వాతనే తప్పు. శ పలకవలసిన చోట స పలికితే, ఒత్తక్షరం తేలిపోతే, ఊపిరి తీసుకోకూడని చోట తీసుకుని మాటను రెండు ముక్కలు చేస్తే, తానే ఆ ముక్క పాడి వినిపించేవారు. మార్కులు చివరన. తప్పు చెప్పించుకున్న పిల్ల ముఖం చిన్నబోయేది కాదు. ఇదెలా సాధ్యమని నేను ఉపాధ్యాయుడినయ్యాక చాలాకాలం ఆలోచించాను. నాకు తోచింది ఇది: ఆయన దిద్దింది పిల్లను కాదు, పాటను. పాట వాళ్ళిద్దరికంటే పెద్దది కాబట్టి ఇద్దరూ దాని ముందు విద్యార్థులే.

ఆయన సంగతీ అలాంటిదే. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. ఇంట్లో సంగీతం ఉంది కాని, ఈయన కూర్చుని శాస్త్రీయంగా నేర్చుకోలేదు. మాకు పొరుగునే ఉన్న అనంతపురంలో ఇంజనీరింగు కళాశాలలో చేరారు. జబ్బు చేసి ఆ చదువు అక్కడ ఆగింది. నెల్లూరు ప్రాంతంలో జరిగిన ఒక పోటీలో తనకు రెండో బహుమతి ఇచ్చినప్పుడు, అతిథిగా వచ్చిన ఎస్. జానకిగారు మొదటిది ఈ అబ్బాయికే రావలసిందని అన్నారని ఆయన చెప్పుకొనేవారు. మద్రాసులో పాడిన మరో పోటీలో ఎస్.పి. కోదండపాణిగారి కంటబడ్డారు, 1966లో తొలి సినిమా పాట ఆయన సంగీతంలోనే. అంటే పోటీలో నిలబడటం ఎలా ఉంటుందో, రెండో స్థానంలో కూర్చోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆ కుర్చీలో కూర్చున్నాడన్నమాట. కన్నడంలో తొలి పాట 1967లో, ‘నక్కరె అదే స్వర్గ’ చిత్రానికి. తెలుగు, హిందీ, కన్నడ, తమిళ భాషలు నాలుగింటిలోనూ జాతీయ పురస్కారాలు అందుకున్నారు. కన్నడానికి వచ్చింది 1995లో విడుదలైన గానయోగి పంచాక్షర గవాయి చిత్రానికి. పరాయి భాషను దాని సొంత ఉచ్చారణతో పాడటం ఎంత కష్టమో అనుభవంతో తెలిసినవాడు కనుకనే ఉచ్చారణ గురించి అంత పట్టుదల.

ఇక మా ఇళ్ళలో ఏం జరిగిందో చెబుతాను. మీకు కొంచెం నవ్వు కూడా రావచ్చు.

మేము టీవీలో విన్న పాటలను నోటుపుస్తకాల్లో కన్నడ లిపిలో రాసుకునేవాళ్ళం. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే, ఇబ్బంది లేదనుకున్నాం. కాని చూసి పాడితే ఎక్కడో తేడా కొట్టేది. ఉదాహరణకు ‘చాలు’ అన్న మాట తీసుకోండి. తెలుగువాళ్ళు దీన్ని చంద్రుడిలోని చకారంలా పలకరు. నాలుక కొస పళ్ళకు తగిలించి, మెత్తగా, ‘ౘాలు’ అంటారు. చలి, చుక్క, చోటు, చల్లగా, అన్నీ అంతే. జడ, జాబిలి కూడా ఇలాగే. పలికేది ‘ౙడ’, ‘ౙాబిలి’. చంద్రుడు, జలం లాంటి సంస్కృతం మాటల్లో మాత్రం మామూలు చ, జ. చెట్టు, చిలక అన్నప్పుడు కూడా మామూలు చకారమే. వెనకటి పుస్తకాల్లో ఈ మెత్తని అక్షరాలకు పైన గుర్తు పెట్టి వేరుగా అచ్చు వేసేవారు. ఇప్పుడు తెలుగు పిల్లల వాచకాల్లోనూ ఆ గుర్తు కనిపించదు. కన్నడంలో ఆ ధ్వనే లేదు. కన్నడ బడిలో చదివిన మా కన్ను ‘చ’ను చూడగానే గట్టి చకారమే పలికించేది. పాట మొత్తం సరిగ్గా పాడినా, ఆ ఒక్క చోట పొరుగూరి పాటలా వినిపించేది.

మా చెల్లెలికి ఇది పట్టుకుంది. టీవీలో పాడే పిల్లలు ఎలా పలుకుతున్నారో వారం వారం గమనించి అద్దం ముందు సాధన చేసేది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మా అవ్వ మాట మీద పడింది. అవ్వ ‘వస్తా ఉండా’, ‘యాడికి పోతా ఉండావు’ అంటే పిల్ల నవ్వేది. ‘అట్లా అనకూడదవ్వా, టీవీలో అట్లా అనరు’ అనేది. అవ్వ ఏమీ అనలేదు. నాలుగు రోజులకు మాత్రం, ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు మాట తగ్గించింది. అది నేను చూశాను.

శ్రోతలారా, ఏ మంచి దిద్దుబాటుకైనా ఈ ప్రమాదం ఉంది. పాట భాష నేర్చుకోబోయి ఇంటి భాషకు సిగ్గుపడటం. కోస్తాలో ఒకలా, తెలంగాణంలో ఒకలా, మా సరిహద్దులో ఒకలా ఉంటుంది తెలుగు. పాటలో శకారం పోతే తప్పు. అవ్వ నోట ‘వస్తా ఉండా’ తప్పు కాదు, అది ఆమె తెలుగు. ఈ రెండింటికీ తేడా ఉందని టీవీ చెప్పదు. ఇంట్లోవాళ్ళో పంతుళ్ళో చెప్పాలి.

ఒక సాయంత్రం అవ్వ బియ్యం ఏరుతూ ‘ఇంక చాలు’ అంది. అదే మాట. నాలుక కొసతో, మెత్తగా, వేదిక మీద పాడిన పిల్లలకంటే స్వచ్ఛంగా. మా చెల్లెలు తల తిప్పి చూసింది. ‘ఇంకోసారి అను అవ్వా’ అంది. నెల రోజులుగా అద్దంలో వెతుకుతున్నది వంటింట్లో దొరికింది. ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని చుక్క, చోటు, జాబిలి, జడ అని ఒక్కొక్క మాటే చెప్పుకున్నారు. చెల్లెలు తన కన్నడ నోటుపుస్తకంలో ఆ అక్షరాల కింద చుక్కలు పెట్టుకుంది. బడికి పోని అవ్వ నోట్లో ఉన్నదాన్నే బడికి పోయిన మేము కంటితో చదివి పోగొట్టుకున్నామని నాకు అప్పుడు అర్థమైంది.

ఇలాంటి పోటీలు తర్వాత చాలా వచ్చాయి. హిందీలో ‘స రె గ మ’ 1995లోనే ఉంది. 2004లో ‘ఇండియన్ ఐడల్’ వచ్చాక ప్రేక్షకులు ఫోను సందేశాలతో ఓట్లు వేసే పద్ధతి ఇంటింటికీ తెలిసింది. 2010లో మన తెలుగు యువకుడు శ్రీరామచంద్ర ఆ పోటీ గెలిస్తే మా బడిలోనూ చప్పట్లు కొట్టాం. కాని ఓట్ల పోటీలో పిల్లకు తెలిసేది గెలిచిందా ఓడిందా అన్నదే. ఎక్కడ తప్పు పలికిందో ఓటు చెప్పదు. ఏడ్చే పిల్ల ముఖాన్ని మూడుసార్లు చూపించడం నాకు బొత్తిగా నచ్చదు. ఈ మాట కటువుగా ఉంటే మన్నించండి.

కె.జి.ఎఫ్. విషయం ఇంకొంచెం వేరు. 1880లలో జాన్ టేలర్ కంపెనీ చేతిలో మొదలై నూట ఇరవై ఏళ్ళు నడిచిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. గని మూసేశాక తండ్రులు, అన్నలు తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు పనికి వెళ్ళసాగారు. ఆ రైళ్ళు ఇప్పటికీ కిటకిటలాడుతూనే ఉన్నాయి. అలాంటి ఊళ్ళో గొంతు బాగున్న పిల్ల ఒకతె ఉంటే, టీవీ పోటీ అంటే సరదా కాదు. ఇల్లు గడిచే దారేమో అన్న ఆశ. తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి, ‘సార్, పోటీకి పంపిస్తే ఏమైనా అవుతుందా?’ అని అడుగుతారు. నేను అబద్ధం చెప్పను. వేదిక ఎక్కేది కొందరు, వారిలో నిలిచేది ఒకరిద్దరు అని చెబుతాను. పాట నేర్పించండి, పోటీకీ పంపండి, చదువు మాత్రం మాన్పించకండి అంటాను. కొందరికి నా జవాబు రుచించదు.

కర్ణాటకలో బడిపిల్లలకు ‘ప్రతిభా కారంజి’ పోటీలు జరుగుతాయి. క్లస్టరు స్థాయిలో నన్ను కొన్నిసార్లు న్యాయనిర్ణేతగా కూర్చోబెడతారు. పిల్లలు కన్నడ భావగీతాలు, జానపదాలు పాడతారు. అక్కడ మా తెలుగు ఇళ్ళ పిల్లలకు తప్పు తలకిందులుగా వస్తుంది. కన్నడ మాటను తెలుగు నోటితో పలుకుతారు. ఫలితాలు చెప్పేశాక, బహుమతి రాని పిల్లలను వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి బాగున్నది ఒకటి, దిద్దుకోవలసింది ఒకటి చెబుతాను. అరగంట పడుతుంది. ఎక్కడ నేర్చుకున్నానో మీకు చెప్పనక్కరలేదు.

బాలుగారు కన్నడంలో కూడా ‘ఎదె తుంబి హాడువెను’ అనే ఇలాంటి కార్యక్రమం నిర్వహించారు. మా పిల్లలకు రెండు కార్యక్రమాలూ సొంతవే. ఆ మనిషి ఏ భాషవాడని మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయారు. మరుసటి ఏడాది ‘పాడుతా తీయగా’ మళ్ళీ మొదలైనప్పుడు ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ నిర్వహించారు, చంద్రబోస్, సునీతగార్లతో పాటు న్యాయనిర్ణేతగా కూర్చున్నది మైసూరుకు చెందిన గాయకుడు విజయ్ ప్రకాశ్. తెలుగు పాట మంచిచెడ్డలు చెప్పడానికి ఒక కన్నడిగుడు. మా చెల్లెలు ఆ రోజు ఫోను చేసింది. ఆమెకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. బెంగళూరులో ఉంటారు, బడిలో ఇంగ్లీషు. చిన్నది చరణం చూసి పాడుతూ ‘చుక్క’ దగ్గర గట్టిగా పలికిందట. అవ్వ లేదు కదా, నువ్వొకసారి ఫోనులో పలికి వినిపించు అన్నయ్యా, అంది.