చిల్లర లెక్కలు – చెల్లుబాటు
(హోసూరు తెలుగువారి నెలసరి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత నెలలో ఈ సభయందు పద్యనాటకములను గూర్చి చక్కని ప్రసంగము వింటిమి. ఈ నెల నాకు అప్పగించిన విషయము అంత సరసమైనది కాదు. అంగడిలోను, బస్సులోను, బ్యాంకులోను డబ్బు చెల్లించునపుడు మనవారికి కలుగుచున్న చిక్కులను గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరిరి. ముప్పది సంవత్సరములు బ్యాంకు బల్ల వెనుక కూర్చున్నవాడను గనుక నన్నెన్నుకొనిరి కాబోలు. చిల్లర విషయమే, కాని చిల్లర లేకనే గదా ఊరిలో సగము తగవులు పుట్టుచున్నవి!

ఈ చిక్కులు నేటివి మాత్రమే కావు. 1957 ఏప్రిల్ 1వ తేదీన అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. రూపాయికి పదునారు అణాలుగా లెక్క నేర్చినవారికి ఒక్కసారిగా నూరు పైసలు లెక్కింపవలసి వచ్చెను. అణాకు ఆరుంబావు పైసలు. పావు పైసకు నాణెము లేదు గనుక అణాకు ఆరు, బేడకు పండ్రెండు, మూడణాలకు పందొమ్మిది, పావలాకు ఇరువదియైదు అని పట్టిక వేసిరి. మా అవ్వ ఈ పట్టికను అంగడివానికంటె ముందే గ్రహించినదట. పావలా వక్కాకు ఒక్కసారి కొనక, అణా చొప్పున నాలుగుసార్లు తెప్పించి, రోజుకొక నయాపైస మిగుల్చుకొనెడిదట. నాలుగు దినములైన పిమ్మట అంగడివాడును మేల్కొని అణా సరకుకు ఏడు పైసలు అడుగ నారంభించెను. అవ్వకు అక్షరములు రావు. ఐనను డబ్బు విషయమున ఆమె ఎవ్వరి మీదను ఆధారపడలేదు. ఈ మాటను మీరు మనసున ఉంచుకొనవలెనని నా ప్రార్థన. నేను చెప్పవలసినదంతయు దీనికి సంబంధించినదే.

పావలా అను మాట మన నోట నేటికిని ఉన్నది. పావలా నాణెము 2011 జూన్ నెలాఖరుతో చెల్లుబాటు కోల్పోయినది. అర్ధరూపాయి సంగతి మరియొక వింత. అది చట్టప్రకారము చెల్లును. ఒక చెల్లింపులో పది రూపాయల వరకు అర్ధరూపాయి బిళ్ళలను ఇయ్యవచ్చునని 2011 నాటి నాణెముల చట్టము చెప్పుచున్నది. ఇచ్చి చూడుడు! అంగడివాడు మన ముఖము వంక చూచును.

ఇక పది రూపాయల నాణెము. ఇది 2009లో చలామణిలోనికి వచ్చినది. తరువాత వేర్వేరు సందర్భములలో వేర్వేరు చిత్రములతో ముద్రించుటచే, రూపాయి గుర్తున్నదే అసలనియు, పది గీతలున్నది మంచిదనియు, పదునైదు గీతలున్నది నకిలీయనియు వదంతులు వ్యాపించినవి. అప్పటివరకు వెలువడిన 14 రూపములును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో స్పష్టముగా ప్రకటించినది. రూపాయియు, అంతకు పై విలువ గల నాణెములును ఒక చెల్లింపులో వేయి రూపాయల వరకు చట్టబద్ధముగా చెల్లును. ఇంత స్పష్టముగా నున్నను తమిళనాటి పలు ఊళ్ళలో ఏండ్ల తరబడి ఆ నాణెమును పుచ్చుకొనుటకు నిరాకరించిరి. బెంగుళూరునుండి వచ్చు బస్సులో నాకు చిల్లరగా ఇచ్చిన బిళ్ళ, ఇక్కడ దిగి పూలు కొనబోగా చెల్లలేదు. పూలమ్మి మన తెలుగామెయే. “నాకు తెల్దా సామీ అది మంచి బిళ్ళేనని? రేపు పొద్దున మండీలో తీసుకోకపోతే నేనేం చేసేది?” అనినది.

ఆమె మాటలో వ్యాధి మూలము అంతయు ఉన్నది. నాణెము నకిలీదని ఆమె తలంచుట లేదు. తరువాతివాడు తలంచునేమోయని ఆమె భయము. మండీవానికి లారీవాని భయము. లారీవానికి పెట్రోలు బంకువాని భయము. నాణెమును శంకించువాడు ఒక్కడును లేకున్నను నాణెము చెల్లకపోవుటకు ఇదియే కారణము. ఈ గొలుసు ఎక్కడనో ఒకచోట తెగవలెను. మన సభ్యులలో అంగళ్ళున్నవారు పదిమందికి తక్కువ లేరు. పది రూపాయల నాణెము పుచ్చుకొనబడునని ఒక పలక వ్రాసి వ్రేలాడదీయుటకు ఎంత ఖర్చగును? నాణెములను డిపాజిటుగా స్వీకరింపుమని బ్యాంకు శాఖలన్నిటికిని రిజర్వు బ్యాంకు ఆదేశమున్నది. శాఖలో వలదన్నచో ఆ మాట వ్రాతపూర్వకముగా ఇమ్మని అడుగుడు. అట్లు వ్రాసి ఇచ్చిన గుమాస్తాను నా ఉద్యోగకాలమున నేను చూడలేదు.

చినిగిన నోట్లను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఇరువది రూపాయలు, అంతకు లోబడిన నోటైనచో, మిగిలిన పెద్ద ముక్క సగమునకు మించియున్న పూర్తి విలువ ఇత్తురు. ఏబది, ఆ పై నోట్లకు నూటికి ఎనుబది వంతులకు మించియున్న పూర్తి విలువ; నలుబది మొదలు ఎనుబది వరకైన సగము; నలుబదికి తగ్గిన ఏమియు లేదు. రెండువేల నోటును 2023 మే 19న చలామణినుండి ఉపసంహరించుకొనినట్లు ప్రకటించిరి గాని దాని చెల్లుబాటును రద్దుచేయలేదు. శాఖలలో మార్చుకొను గడువు మాత్రము 2023 అక్టోబరు 7తో ముగిసినది. 2016 నవంబరు 8 రాత్రి రద్దయిన పాత ఐదువందలు, వేయి నోట్ల సంగతి వేరు. పెట్టె అడుగున అవి దొరికినచో జ్ఞాపకార్థము ఉంచుకొనవలసినదే. పెద్దలు ఈ రెంటిని ఒక్కటిగా భావించి బాధపడుచున్నారు గనుక చెప్పితిని.

ఇప్పుడొక్కసారి మీ జేబులోని నోటును తీసి చూడుడు. వెనుక వైపున పదునైదు భాషలలో దాని విలువ వ్రాయబడియున్నది. తమిళము క్రింద, ఉర్దూకు పైన మన తెలుగున్నది. ముందువైపు హిందీ, ఇంగ్లీషులను కలుపుకొన్న పదునేడు భాషలు. ఈ నోటు హోసూరులో ఒకటి, బళ్ళారిలో ఒకటి, బరంపురములో ఒకటి, షోలాపురములో మరియొకటి కాదు. తెలుగువాడు ఏ ఊరిలో నున్నను అతని అక్షరము అతని చేతిలోని నోటు మీద ఉన్నది. ఏ సంఘమును, ఏ మహజరును లేకయే మనకు లభించిన గౌరవమిది.

అదే నోటును మనకిచ్చు యంత్రము కడకు పొండు. మన వీథిలోని యంత్రము మూడు భాషలలో మాత్రమే పలుకును. శాఖలలోని ఫలకములు, పత్రములు హిందీ, ఇంగ్లీషు, ప్రాంతీయభాషలలో ఉండవలెనని రిజర్వు బ్యాంకు నియమము. ప్రాంతీయభాష యనగా ఆ రాష్ట్రపు అధికారభాషయని బ్యాంకులవారు గ్రహించుచున్నారు. దీనిలో వారి దురుద్దేశమేమియు లేదు. కాని ఫలిత మేమైనదో వినుడు.

మా వీథిలో ఒక పెద్దమ్మ ఉన్నది. భర్త గతించి చాల కాలమైనది. ఆమె తెలుగు చదువగలదు. తమిళము మాటలాడును గాని చదువలేదు. నోట్లనైతే రంగు చూచి, కొలత చూచి, చీకటిలోనైనను ఎంచగలదు. ఆమె పింఛను ఖాతాలో పడుచున్నది. పూర్వము శాఖకు పోయి, కాగితము నింపించుకొని, గుమాస్తాతో రెండు తెలుగు మాటలాడి డబ్బు తెచ్చుకొనెడిది. తరువాత శాఖవారు కార్డు ఇచ్చి, చిన్న మొత్తములకు యంత్రము కడకే పొమ్మని చెప్పసాగిరి. యంత్రము అడుగునది ఆమెకు తెలియదు. కార్డును, నాలుగంకెల రహస్యసంఖ్యను వరుసలో వెనుకనున్న పిల్లవానికి ఇచ్చి “నొక్కి పెట్టు నాయనా” అనెడిది. ఒకనాడు ఆమె చేతికి రెండువేలు వచ్చినవి. ఖాతాలో ఏడువేలు తగ్గినవి. శాఖలో అడుగగా, సంఖ్య నీవే ఇచ్చితివి గనుక మా బాధ్యత లేదనిరి.

మనకు కోపము వచ్చును. కాని నియమము వారి పక్షముననే ఉన్నది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తరువు ప్రకారము, మన తప్పును బ్యాంకు తప్పును లేక ఇతరుల మోసమువలన సొమ్ము పోయినచో, సమాచారమందిన మూడు పనిదినములలో తెలిపితిమేని మనకు నష్టము లేదు. కాని రహస్యసంఖ్యను మనమే పరులకు చెప్పినచో, బ్యాంకుకు తెలుపు క్షణము వరకు పోయినదంతయు మన నష్టమే. తెలిపిన తరువాత పోవునది మాత్రము బ్యాంకుది. కనుక అట్టి సందర్భమున ఏడ్చుచు ఇంటికి పోరాదు. మొదట ఆ కార్డును నిలుపు చేయింపవలెను.

ఆ పెద్దమ్మది అజాగ్రత్తయని చట్టము పేరుపెట్టినది. భాష తెలియనివాడు చేయి చాచక ఏమి చేయునని చట్టము ప్రశ్నింపలేదు. అణాల పట్టికను అంగడివానికంటె ముందు గ్రహించిన మా అవ్వ ఈనాడున్నచో ఆమెయు ఆ వరుసలోని పిల్లవానినే బ్రతిమాలవలసినది గదా! పోయిన అయిదువేల కంటె నాకు ఎక్కువ బాధ కలిగించునది ఇది.

దీనికేమి చేయవలెను? యంత్రములలో తెలుగు చేర్పుమని అడుగవలెనని కొందరు మిత్రులనుచున్నారు. అడుగవలసినదే. 1956లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన భాషారక్షణల పత్రములో, ఒక ప్రాంతమున నూటికి 15 మొదలు 20 వరకు ఒక భాషవారున్నచో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను ఆ భాషలోను వెలువరించవలెనని ఉన్నది. అది బ్యాంకులకు వర్తించునది కాదు. ఐనను అడుగుటకు అదొక మర్యాదగల ఆధారము. భీమ్ అను చెల్లింపు సాధనము సెల్‌ఫోనులో తెలుగున పలుకుచున్నది. అరచేతిలోని ఫోనుకు వచ్చిన తెలుగు గోడలోని యంత్రమునకు రాకూడదా? ఏ రాష్ట్రముననైనను ఖాతాదారుడు కోరిన భాష కార్డులోనే నమోదై యుండునట్లు చేయుడని బ్యాంకులకు వ్రాయుట మంచిదని నా అభిప్రాయము.

కాని నిజమొకటి చెప్పక తప్పదు. తెలుగు అక్షరములు వచ్చినను మనలో ఎందరు చదువగలరు? మన పిల్లలలో అనేకులు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో తమిళమో కన్నడమో చదువుదురు. వారికి యంత్రముతో చిక్కు లేదు. చిక్కంతయు పెద్దలకు, వారిలోను కొందరికి ఏ లిపియు రాదు. కావున మనము అడుగవలసినది అక్షరము మాత్రమే కాదు, తెలుగు పలుకు కూడ. అది వచ్చువరకు కూర్చుండరాదు. అంకెల పలకపై అయిదవ అంకె మీద చిన్న బొడిపె ఉండును. దానినిబట్టి మిగిలిన అంకెలను వ్రేలితో గుర్తింపవచ్చును. తెరపై అడుగు ప్రశ్నలు నాలుగైదుకు మించవు. ఏది ముందు, ఏది వెనుక అనునది పాటవలె కంఠస్థము చేయింపవచ్చును. పెద్దమ్మకు మా కోడలు పది దినములలో నేర్పినది. ఇప్పుడామె రహస్యసంఖ్య మా కోడలికిని తెలియదు.

ఫోను చెల్లింపులను గూర్చి రెండు మాటలు. మన ఖాతాలో డబ్బు తగ్గును. అంగడిలోని పెట్టె పలుకదు. అంగడివాడు రాలేదనును, మనము పోయినదందుము. అట్టి చెల్లింపు పూర్తికానిచో అయిదు దినములలోపల తిరిగి జమకావలెను. ఆలస్యమైన ప్రతిదినమునకు నూరు రూపాయలు మనకియ్యవలెనని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిర్ణయించినది. యంత్రమునుండి నోట్లు రాక ఖాతాలో తగ్గినపుడును ఇదియే నియమము. ఆ నూరు రూపాయలు మనము అడుగక ముందే జమచేయవలెనని కూడ ఉన్నది. ఇక డెబిట్ కార్డు గీచినచో నూటికి రెండు రూపాయలు ఎక్కువయగునని కొన్ని అంగళ్ళలో అనుచున్నారు. ఆ రుసుమును కొనువాని మీద వేయరాదని 2017 నుండియే నియమమున్నది. మెల్లగా చెప్పుడు, వినకున్న నోటిచ్చి రండు. వేడుకకు చీరలు కొనబోయి అంగడివానితో న్యాయశాస్త్రము చర్చింపనక్కరలేదు.

బ్యాంకునకు వ్రాసిన ఫిర్యాదుకు ముప్పది దినములలో జవాబు రానిచో, వచ్చినను తృప్తి కానిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా వ్రాసికొనవచ్చును. 14448 అను ఫోనులో సలహా ఇత్తురు. అందు తెలుగున మాటలాడు ఏర్పాటున్నది. ఈ సంఖ్యను గోడమీద వ్రాసి పెట్టుకొనుడు.

వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు ఈ మందిరముననే మన యువకులు నలుగురు కూర్చుండి పెద్దలకు అభ్యాసము చేయింతురు. అంకెల పలకను అట్టతో చేసియుంచితిమి. బ్యాంకులకు పంపవలసిన మహజరు కూడ సిద్ధముగా నుండును. చదివి వినిపించిన తరువాతనే సంతకములు తీసికొందుము, వేలిముద్రయైనను సరే. రాదలచినవారు ఖాతా పుస్తకము తెచ్చుకొనుడు. కార్డు ఇంటనే ఉంచి రండు. రహస్యసంఖ్యను మాలో ఎవ్వరడిగినను చెప్పవలదు.