సముద్రపు ఒడ్డున సండే స్కూలు

(సండే స్కూలు ఉపాధ్యాయుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగ సందర్భముగా పిల్లలకు సృష్టిని గూర్చి ఎట్లు బోధింపవలెనో చెప్పుమని పెద్దలు మమ్మును కోరినారు. మేము సముద్రమును గూర్చియే మాటలాడదలచితిమి. కృష్ణానది సముద్రములో కలియు చోటికి దగ్గరనున్న ఒక తీర సంఘములో కొన్ని ఏండ్లు సేవ చేసినాము. అక్కడి పిల్లలకు మేము నేర్పినదానికంటె వారియొద్ద నేర్చుకొన్నదే ఎక్కువ.

థియొలాజికల్ కాలేజీలో హెబ్రీ చదువుకొన్నప్పుడు ఒక సంగతి మమ్మును ఆశ్చర్యపరచినది. ఆదికాండము మొదటి అధ్యాయములో సృజించుట అను అర్థమిచ్చు ‘బారా’ అను క్రియ మూడు వచనములలోనే కనబడును. ఆకాశమును భూమిని చేసినప్పుడు ఒకటి, నరుని చేసినప్పుడు ఒకటి. ఆ రెంటి నడుమ, 21వ వచనములో, సముద్రపు మహా జలచరములను చేసినప్పుడు మరియొకటి. ఆ మరుసటి వచనములోనే బైబిలులోని మొట్టమొదటి ఆశీర్వాదమున్నది. అది చేపలకును పక్షులకును ఇయ్యబడినది. మన వంతు తరువాత వచ్చినది. ఈ మాట చెప్పగానే, “మనకంటే ముందు చేపలకా అయ్యగారూ!” అని పిల్లలు పకపక నవ్వినారు. వాక్యము విని పిల్లలు నవ్వితే తప్పులేదని మా అభిప్రాయము. 104వ కీర్తనలో మకరము సముద్రములో ఆటలాడుటకే చేయబడినదని ఉన్నది గదా. చేప అనగానే కిలో ఎంత అని అడుగు ఊరిలో ఈ సంగతి చెప్పుట అవసరమే.

తరగతిని గుడిలోనుండి మడ అడవుల గట్టునకు మార్చినాము. కండ్లు నడినెత్తిన పెట్టుకొని బురదమీద గెంతు చేపను చూచినాము. ఒక చేయి మాత్రము పెద్దదిగా నుండి, దానిని ఊపి ఆడపీతను పిలుచు మగపీతను చూచినాము. సముద్రపు గుర్రములలో గ్రుడ్లను పొట్టసంచిలో మోయునది తండ్రియే అని చెప్పినప్పుడు పిల్లలకంటె వారి తల్లులే ఎక్కువ సంతోషించినారు.

ఇదంతయు బాగుగానే ఉన్నది. అయితే ఒక ఆదివారమున మేము పొరబడితిమి. సముద్రము దేవుని ఆటస్థలమని ఉత్సాహముగా చెప్పి, పిల్లలందరిని బొమ్మ వేయుమన్నాము. తొమ్మిదేండ్ల బిడ్డ ఒకతె కాగితము తాకలేదు. దగ్గరకు వెళ్లి అడిగితిమి. “మా నాన్న వేటకెళ్లి రాలేదు అయ్యగారూ. అది ఆడుకునే చోటా?” అన్నది.

మాకు నోట మాట రాలేదు. ఆ ఊరిలో 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో ఇంటివారిని పోగొట్టుకొన్న ముసలివారింకను ఉన్నారు. అట్టి చోట మేము కీర్తన సగము చదివి ఊరకుంటిమి. బైబిలులో సముద్రము ఆటలాడు చోటు మాత్రమే కాదు. యోనా అందులో మునిగెను. పౌలు ముమ్మారు ఓడ పగిలి శ్రమపడెను. శిష్యులు తుపానులో ప్రభువును లేపి, మేము నశించిపోవుట నీకు చింత లేదా అన్నట్లు అడిగిరి. ఆ ప్రశ్నకు ప్రభువు వారిని వెళ్లగొట్టలేదు. కాబట్టి బిడ్డ అడిగినప్పుడు తొందరపడి జవాబు చెప్పవద్దని ఉపాధ్యాయులను వేడుకొనుచున్నాము. మేము ఆ దినమున ఆమె ప్రక్కన కూర్చుంటిమి, అంతే.

ఆ మార్చి నెలలో సముద్రపు తాబేళ్ల పిల్లలను విడుచుట చూపుటకు పిల్లలను తీసికొని పోయినాము. ఆలివ్ రిడ్లే అను ఈ తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, ఇసుక త్రవ్వి, నూరు గ్రుడ్ల వరకు పెట్టి, కప్పి, తిరిగి సముద్రములోనికి పోవును. పిల్లలను చూడదు. 45 నుండి 60 దినములలో అవి ఇసుక చీల్చుకొని వచ్చి, నీటిమీది వెలుగును బట్టి సముద్రము వైపు నడచును. ఊరి దీపముల వెలుగు ఎక్కువైతే దారి తప్పును. పెద్ద తాబేళ్లు గాలి పీల్చుటకు నీటిపైకి రావలసినవే గనుక ట్రాలరు వలలో చిక్కితే ఊపిరాడక చచ్చును. ఇది చెప్పినప్పుడు అక్కడనున్న ఒక పెద్దాయన, “వల కోసి తాబేలుని వదిలితే, వల అప్పు ఎవరు తీరుస్తారండీ?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధముండగా పొయ్యి ఎట్లు వెలుగునో ఆ ఇండ్లవారికే తెలియును. భూమికి విశ్రాంతి సంవత్సరము నియమించిన దేవుడు బీదలకు కూడు కూడ చూపెనని మరువకుండ బోధింపవలెను.

వేకువను తాబేలు పిల్లలను ఇసుకమీద వదిలినారు. అరచేతిలో పట్టునంతటివి. ఆ బిడ్డ మా ప్రక్కకు వచ్చి, “వీటి అమ్మ ఏది?” అని అడిగినది. “వెళ్లిపోయింది తల్లీ” అన్నాము. ఆమె మరేమియు అనలేదు. కాకులు దిగుచుండగా ఓణీ విప్పి గాలిలో ఊపుచు, చివరి పిల్ల నీటిని చేరువరకు దానితోకూడ నడచినది. అల వచ్చి తన పాదములను తడిపినప్పుడు వెనుకకు జరుగలేదు.

మరుసటి ఆదివారము బొమ్మ వేసినది. ఇసుక, కాకులు, తాబేళ్లు ఉన్నవి. సముద్రము ఉండవలసిన చోటు తెల్లగా విడిచినది. మేము ఎందుకని అడుగలేదు. ఆ కాగితమును గుడి గోడకు మిగిలిన బొమ్మల ప్రక్కనే అంటించినాము.